పాఠకుల ప్రశ్నలు: మిషనరీ విమానాల మెకానిక్‌గా వెళ్లాలంటే

ప్రశ్న: నాకు 22 ఏళ్లు. ఇంటర్‌లో ఎం.పి.సి. చదివి, ప్రస్తుతం హన్మకొండలో ఒక ట్రాక్టర్ వర్క్‌షాపులో పనిచేస్తున్నాను. రోడ్డు లేని ఊళ్లకు చిన్న విమానాల్లో రోగులను, మందులను, సువార్తికులను చేరవేసే సేవ గురించి మా సంఘంలో జరిగిన మిషనరీ కూడికలో విన్నాను. ఆ విమానాలను బాగుచేసే పనికే దేవుడు నన్ను పిలుస్తున్నాడని అప్పటి నుంచి గట్టిగా అనిపిస్తోంది. మామునూరు విమానాశ్రయం మళ్ళీ వస్తుందంటున్నారు కదా, కోర్సు చేస్తే ఇక్కడే ఉద్యోగం చూసుకోవచ్చని నాన్న అంటున్నారు. నేను బైబిల్ కళాశాలలో చేరాలా, విమానాల కోర్సులో చేరాలా? విదేశాలకు వెళ్లే దారి ఏమిటి?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ముందు విమానాల కోర్సులోనే చేరండి. మీ పిలుపు ఎంత నిజమైనదో మీరు, మీ పాస్టరుగారు ప్రార్థనలో తేల్చుకుంటారు. అయితే మరమ్మతు ముగిశాక ‘ఈ విమానం ఎగరడానికి తగినదే’ అని రికార్డులో సంతకం పెట్టే అధికారం ఏ దేశంలోనైనా అందుకు చట్టప్రకారం అర్హత పొందిన వారికే ఉంటుంది, మిషనరీ సంస్థలు వెదికేది కూడా ఆ సంతకం పెట్టగలిగిన వారినే. బైబిల్ శిక్షణ కొంత అడుగుతారు. దాన్ని తర్వాత పూర్తిచేసుకోవచ్చు. బైబిల్‌లో, ఆరాధన కోసం కట్టిన ప్రత్యక్ష గుడారపు పనికి దేవుడు పేరుపెట్టి పిలిచిన బెసలేలు ప్రసంగీకుడు కాదు, చేతిపని తెలిసినవాడు. మీరు కోరుకుంటున్న సేవ కూడా ఆ కోవలోదే.

మన దేశంలో ఆ సంతకం పెట్టే హక్కునిచ్చే లైసెన్సును పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డి.జి.సి.ఎ.) ఇస్తుంది. మీ ఎం.పి.సి. చదువు ప్రవేశానికి సరిపోతుంది. శిక్షణ, పరీక్షలు, అనుభవం అన్నీ కలిపి నాలుగైదేళ్లు పట్టే దారి అని ముందే మనసులో పెట్టుకోండి. ఫీజులు భారీగా ఉంటాయి కాబట్టి, ఏ కళాశాలకైనా రూపాయి కట్టే ముందు డి.జి.సి.ఎ. ఆమోదించిన సంస్థల జాబితాలో దాని పేరు ఉందో లేదో, మీకు కావలసిన విభాగానికే ఆమోదం ఉందో లేదో స్వయంగా చూసుకోండి.

ఆ విభాగం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. టర్బైన్ ఇంజిన్ విమానాలకు బి1.1, పిస్టన్ ఇంజిన్ విమానాలకు బి1.2, ఎలక్ట్రానిక్ పరికరాలకు బి2 అని లైసెన్సులు వేరువేరుగా ఉంటాయి. ఎయిర్‌లైన్స్ ఉద్యోగాల కోసం ఎక్కువమంది బి1.1, బి2 వైపే వెళ్తారు. మిషనరీ సంస్థల దగ్గర ఉండేవి సెస్నా 206 వంటి పిస్టన్ విమానాలు, పీటీ6 టర్బైన్ ఇంజిన్‌తో నడిచే సెస్నా కారవాన్, కోడియాక్ వంటివి. పిస్టన్ ఇంజిన్లకు కావలసిన ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలు ఆఫ్రికాలోని మారుమూల ప్రాంతాల్లో దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువ. అందువల్ల ఆ పెట్రోలు అక్కర్లేని టర్బైన్ల వైపు మొగ్గు పెరిగింది. కాబట్టి మీకు వీలైతే బి1.1, బి1.2 రెండూ ఉండటం మేలు. లైసెన్సు చేతికి రాగానే శంషాబాద్‌లోని పెద్ద హ్యాంగర్లలో ఉద్యోగం ఆకర్షిస్తుంది, కానీ మీ లక్ష్యానికి సెస్నా 152, 172లు నడిపే పైలట్ శిక్షణ పాఠశాలలో రెండు మూడేళ్ల అనుభవం ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

ఎందుకంటే అక్కడే అసలు పని చేతికి అలవాటవుతుంది. వంద గంటలు ఎగిరాక చేసే తనిఖీలో పాత ఆయిల్ ఫిల్టర్‌ను పారేయరు. దాన్ని కోసి, లోపలి కాగితపు మడతలు విప్పి, లోహపు రవ్వలేమైనా చిక్కాయేమోనని వెలుతురులో చూస్తారు. ఆ రవ్వలే ఇంజిన్ లోపలి అరుగుదలను ముందుగా చెబుతాయి. రెండు బోల్టుల తలలను కలుపుతూ లాక్ వైరు చుట్టేటప్పుడు, అది బోల్టును బిగించే వైపుకే లాగేలా చుట్టాలి. తిరగేసి చుడితే కట్టినా ఫలితం లేదు. పాపువా న్యూ గినీ కొండల్లో గడ్డి, మట్టి రన్‌వేల మీద గులకరాయి ఎగిరి ప్రొపెల్లర్ అంచుకు తగిలితే గోటితో తడిమితే గానీ తెలియనంత గాటు పడుతుంది. దాన్ని అనుమతించిన కొలతలకు లోబడి ఆకురాయితో నునుపు చేయకపోతే, అదే పగులుగా పెరిగి ప్రొపెల్లర్ రెక్క విరగవచ్చు. అలాంటి చోట సలహా అడగడానికి పక్కన ఇంకో ఇంజినీరు ఉండకపోవచ్చు. ట్రాక్టర్ వర్క్‌షాపులో మీరు నేర్చిన పని కూడా వృథా పోదు, ఎందుకంటే మారుమూల స్థావరంలో జనరేటర్, జీపు చెడినా మెకానిక్‌నే పిలుస్తారు.

సంస్థల్లో పెద్దది, యుద్ధకాలపు పైలట్లు 1945లో అమెరికాలో ప్రారంభించిన మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్. బైబిల్ అనువాదకుల ప్రయాణాల కోసం 1948లో మొదలైన జార్స్ మరొకటి. అమెరికా మూలాలున్న సంస్థలు తరచుగా ఆ దేశపు ‘ఏ అండ్ పీ’ (ఎయిర్‌ఫ్రేమ్ అండ్ పవర్‌ప్లాంట్) మెకానిక్ సర్టిఫికెట్ అడుగుతాయి. దానికి 18 ఏళ్లు నిండి, ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడటం వచ్చి ఉండాలి. విమాన శరీరం, ఇంజిన్ రెండింటికీ కలిపి 30 నెలల అనుభవాన్ని రుజువు చేసుకుంటే రాత, మౌఖిక, ప్రాక్టికల్ పరీక్షలకు కూర్చోవచ్చు. మన లైసెన్సు అక్కడ నేరుగా చెల్లదు గనుక, ఇక్కడ చేసిన ప్రతి పనినీ తేదీతో, పై అధికారి సంతకంతో లాగ్‌బుక్‌లో ఎక్కించుకోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ఇక డబ్బు సంగతి. ఇలాంటి సంస్థల్లో చాలా వరకు జీతం ఇవ్వవు. మిషనరీని బలపరిచే సంఘాలు, కుటుంబాలు నెలనెలా పంపే కానుకలే ఆధారం. మనవాళ్లకు ఇది సాధ్యమేనా అని మీకు సందేహం రావచ్చు. మిజోరం సంఘాల్లో స్త్రీలు 1910 నుంచి ప్రతి పూట వంటకు ముందు పిడికెడు బియ్యం పక్కన పెట్టి మిషనరీ సేవను పోషిస్తున్నారు. మన డోర్నకల్ సంగతే తీసుకుంటే, 1912లో బిషప్ అయిన అజరయ్యగారు భారతీయుల కానుకలతో, భారతీయుల నడిపింపులో సాగాలని 1903లో తిరునెల్వేలిలో స్థాపించిన మిషనరీ సంఘం ద్వారానే ఇక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకుని మన మధ్య పనిచేశారు. కాబట్టి దరఖాస్తు పెట్టకముందే మీ సంఘ పెద్దలతో ఈ మాట ఎత్తండి. విదేశంలో మిషనరీ ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగే మధ్యవర్తులను దగ్గరికి రానీయకండి. టూరిస్టు వీసా మీద వెళ్లి పనిలో దిగవద్దు. మీ పని ఏమిటో ఆ దేశ ప్రభుత్వానికి ఉన్నదున్నట్టు చెప్పి, పని అనుమతితోనే వెళ్లండి.

మీ నాన్నగారి మాట తోసిపుచ్చకండి. ఆయన చెప్పే ఉద్యోగానికీ, మీరు కోరుకునే సేవకూ మొదటి నాలుగైదేళ్ల దారి ఒక్కటే. ఆ సంగతి ఆయనకు వివరిస్తే ఇంట్లో పోరు చాలావరకు తగ్గుతుంది.

ప్రశ్న: మా అమ్మాయి పదో తరగతి చదువుతోంది. తాను కూడా ఇలాంటి సేవకే వెళ్తానంటోంది. ఆడపిల్లలను తీసుకుంటారా?
– ఒక తల్లి, మహబూబాబాద్

జవాబు: తీసుకుంటారమ్మా. పైన చెప్పిన మిషన్ ఏవియేషన్ ఫెలోషిప్ తరఫున 1946లో మొదటి విమానాన్ని మెక్సికోకు నడిపింది బెట్టీ గ్రీన్ అనే మహిళే. డి.జి.సి.ఎ. లైసెన్సుకు ఆడ, మగ తేడా లేదు. అమ్మాయికి ఇంటర్‌లో ఎం.పి.సి. ఇప్పించండి, బై.పి.సి.లో గణితం ఉండదు గనుక దానితో ఈ కోర్సులో సీటు రాదు.