సీడీ డ్రైవ్ వెనక రెండు పిన్నులు: గుణుపురం అల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

పర్లాకిమిడి నుంచి మావయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. రామాలయంలో హరికథల సీడీలు వేయడానికి పాత కంప్యూటర్ బయటికి తీయడం చాలా మంచి పని. కానీ సీడీ డ్రైవ్ వెనక ఉన్న ఆ రెండు డిజిటల్ ఆడియో పిన్నులకి వైరు అతికించి తిన్నగా యాంప్లిఫయర్‌లో పెట్టేస్తానన్నావు చూడు, సోల్డర్ చేసే ముందు ఇది చదువు. ఆ పిన్నులు కేబినెట్ లోపలి సౌండ్ కార్డ్ కోసం పెట్టినవి, బయట సామానుకి నేరుగా కలపడానికి కాదు.

ముందు గుడి యాంప్లిఫయర్ వెనక చూడు. ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్లు మాత్రమే ఉంటే అది అనలాగ్ యాంప్లిఫయర్. దానికి డిజిటల్ సిగ్నల్ ఇస్తే పాట రాదు. మధ్యలో డీఏసీ (డిజిటల్‌ని అనలాగ్‌గా మార్చే పెట్టె) పెట్టాల్సిందే. ‘కోయాక్సియల్’ అని రాసిన డిజిటల్ సాకెట్ ఉన్నా తొందరపడకు. ఆ సాకెట్‌కి కావలసింది 75 ఓముల దగ్గర సుమారు అర వోల్టు. డ్రైవ్ పిన్ను ఇచ్చేది 5 వోల్టుల లాజిక్ సిగ్నల్. రెండింట్లో డిజిటల్ ఆడియో పంపే పద్ధతి ఒకటే, దాన్నే ఎస్పీడిఫ్ అంటారు. బలంలోనే తేడా.

డ్రైవ్ వెనక రేకు మీద అక్షరాలు చెక్కి ఉంటాయి, టార్చి వేసి చదువు. నాలుగు పిన్నుల దగ్గర ఆర్, జి, జి, ఎల్ అని ఉంటే అది అనలాగ్. పక్కన డి, జి అని రెండే ఉంటే డిజిటల్. సౌండ్ కార్డ్ మీద ‘సీడీ ఎస్పీడిఫ్’ అని రెండు పిన్నులు ఉంటే (సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డుల్లో ఉంటాయి) డి వైపు డికి, జి వైపు జికి వచ్చేలా రెండు పిన్నుల కేబుల్ పెట్టు. తిరగేస్తే సిగ్నల్ గ్రౌండ్‌లోకి పోతుంది. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసేశాకే చెయ్యి పెట్టు. తర్వాత కంప్యూటర్ వాల్యూమ్ మిక్సర్‌లో ‘సీడీ డిజిటల్’ మ్యూట్‌లో ఉందేమో చూడు.

అన్నీ సరిగ్గా పెట్టినా పాట రాకపోతే టెన్షన్ పడకు. డ్రైవ్ తనంతట తాను ఆడియో సీడీ వాయించినప్పుడే ఆ పిన్నుల్లో సిగ్నల్ ఉంటుంది. విండోస్ ఎక్స్‌పీలో మీడియా ప్లేయర్ మామూలుగా డేటా కేబుల్ నుంచే పాట చదువుకుంటుంది. అప్పుడు పిన్నులు ఖాళీ. డివైస్ మేనేజర్‌లో డ్రైవ్ ప్రాపర్టీస్‌కి వెళ్లి డిజిటల్ సీడీ ఆడియో టిక్కు తీసేస్తే వాటికి పని పడుతుంది. మీ భజన బృందం వాళ్లు ఎంపీ3లు ఎక్కించి ఇచ్చిన డిస్కులకి మాత్రం ఏం చేసినా ఆ పిన్నులు పనిచేయవు. ఎంపీ3ని విప్పేది కంప్యూటరే, డ్రైవ్ కాదు.

అందుకే నా మాట విను. నీ కంప్యూటర్ ఎక్స్‌పీ నడిపేదే కదా, ఆ టిక్కు అలాగే ఉంచి, సౌండ్ కార్డ్ లైన్ అవుట్ నుంచి యాంప్లిఫయర్‌కి వైరు వెయ్యి. ఆడియో సీడీ, ఎంపీ3 రెండూ పలుకుతాయి. లోపల ఏ ఆడియో వైరూ అక్కర్లేదు. విండోస్ 98 నాటి బలహీనమైన మిషన్లలో ఆ రెండు పిన్నులు నిజంగా అక్కరకొచ్చేవి. నాలుగు పిన్నుల అనలాగ్ వైరు కేబినెట్‌లోని గరగర అంతా మోసుకొచ్చేది, డిజిటల్ వైరులో ఆ బాధ లేదు.

అయినా నేర్చుకోవాలని ఉంది, బయటికి తీసే తీరతానంటావా, నాకూ సంతోషమే. 74హెచ్‌సీటీ04 చిప్పు కొను, సిగ్నల్‌కి బలమిచ్చే గేట్లు అందులో ఉంటాయి. పిన్ను నుంచి వచ్చే సిగ్నల్ దాని ఒక గేటుకి ఇచ్చి, అక్కణ్ణుంచి మూడు గేట్లు సమాంతరంగా కలుపు. వాటి అవుట్‌పుట్‌కి 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్, వరసలో 390 ఓముల రెసిస్టర్, చివర గ్రౌండ్‌కి 91 ఓములది. సాకెట్ దగ్గర అర వోల్టుకి కాస్త అటూ ఇటూగా వస్తుంది. సాకెట్ దాకా 75 ఓముల కేబుల్ వాడు, టీవీ కేబుల్ ముక్క చాలు. చిప్పుకి కరెంటు డ్రైవ్ పవర్ ప్లగ్గులోని ఎర్ర తీగ నుంచి తీసుకో, అది 5 వోల్టులు. పసుపు తీగ జోలికి పోకు, అది 12, చిప్పు మాడిపోతుంది. సామాను గుణుపురంలో దొరక్కపోతే బరంపురం వెళ్లేవాళ్లతో తెప్పించుకో.

వంశధార ఒడ్డున వానాకాలం తేమకి పిన్నులు నల్లబడతాయి. కేబుల్ పెట్టేముందు స్పిరిట్‌తో తుడువు. గుడిలో ఎర్తింగ్ ఒకసారి ఎలక్ట్రీషియన్‌కి చూపించు. ఎర్తింగ్ బాగోకపోతే ఎంత మంచి వైరు వేసినా స్పీకర్లలో హమ్ పోదు.

యాంప్లిఫయర్ వెనక భాగం, సౌండ్ కార్డ్ రెండూ ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. నా దగ్గర రెండు పిన్నుల కేబుల్ ఉంది, కావాలంటే గుణుపురం పాసింజరులో వచ్చే మనవాళ్ల చేతికిచ్చి పంపిస్తాను. అమ్మని అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య