పగనీనీ పెన్సిల్ బొమ్మలో దయ్యం ఏదీ?

ప్రశ్న: వయొలిన్ విద్వాంసుడు పగనీనీ దయ్యానికి ఆత్మను అమ్ముకున్నాడని జనం చెప్పుకునేవారట కదా! ఫ్రెంచి చిత్రకారుడు ఆంగ్ర్ వేసిన పెన్సిల్ బొమ్మలో మాత్రం పెళ్లిచూపులకు ముస్తాబైన అబ్బాయిలా ఉన్నాడు. ఇది రొమాంటిక్ కాలం బొమ్మేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాలం అదేనండీ, ఉద్వేగాలకూ ఊహలకూ పెద్దపీట వేసే ఆ రొమాంటిక్ ధోరణి అంటే వేసినాయనకే గిట్టదు. ఆ బొమ్మ 1819లో రోమ్‌లో వేసింది, ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. 1815లో నెపోలియన్ పతనమయ్యాక ఆంగ్ర్‌కు పనిచ్చే ఫ్రెంచి అధికారులు రోమ్ వదిలిపోయారు, దాంతో ఊరు చూడ్డానికొచ్చిన వాళ్లకు పెన్సిల్ బొమ్మలు వేసిస్తూ ఇల్లు గడుపుకున్నాడు. అది ఆయనకు నామోషీ. "చిన్న బొమ్మలు వేసేవాడి ఇల్లు ఇదేనా?" అని ఎవరో అడిగితే, ఇక్కడుండేది చిత్రకారుడు అని కసిరి పంపాడని చెబుతారు.

పైగా ఆంగ్ర్ స్వయంగా వయొలిన్ వాయించేవాడు, కుర్రతనంలో తులూజ్ ఆర్కెస్ట్రాలో కూడా వాయించాడు. అందుకే మనకు కనిపించేది దయ్యం కాదు, సాటి వాద్యగాడి మర్యాద. అలాగని నాటకం లేదనుకోకండి. ముఖం దగ్గర నీడలు ఎంత మెత్తగా కలిపాడో చూసి, వెంటనే కోటు కిందికి చూడండి: నాలుగు గీతలు గీకి వదిలేశాడు! స్టేజీ మీద లైటంతా ఒక్క మొహం మీదే పడ్డట్టు మన చూపు అక్కడే ఆగిపోతుంది. వయొలిన్ చేతిలోనే ఉంది కానీ వాయించడం లేదు, నాకైతే కచేరీకి ముందు క్షణంలాగే అనిపిస్తుంది.

మీరు వెతికే దయ్యం కావాలంటే 1831లో రొమాంటిక్ ధోరణి చిత్రకారుడు డెలక్రవా వేసిన చిన్న ఆయిల్ పెయింటింగ్ చూడండి. చీకట్లో నల్లబట్టలు, బక్కపలచని ఒళ్లు, వాయిద్యంలో మునిగిపోయిన మనిషి. అప్పటికి పగనీనీ యూరప్ అంతా తిరుగుతున్నాడు, పుకార్లూ ఆయన వెంటే తిరిగాయి.

ప్రశ్న: ఆ రోజుల్లో అంత సన్నని గీత పెన్సిల్‌తో ఎలా వచ్చేది?
– ఒక డ్రాయింగ్ మాస్టారు, వరంగల్

జవాబు: ఫ్రాన్స్, ఇంగ్లండ్‌ల యుద్ధం పుణ్యమా అని! ఇంగ్లండ్ గ్రాఫైట్ ఫ్రాన్స్‌కు రాకుండా పోతే, కొంటే (Conté) అనే ఫ్రెంచాయన 1795లో గ్రాఫైట్ పొడిలో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతి కనిపెట్టాడు. మట్టి పెంచితే ముల్లు గట్టిపడి గీత సన్నగా, లేతగా వస్తుంది. మీ పిల్లల చేతిలోని హెచ్‌బీ పెన్సిలూ ఆ పద్ధతిలో పుట్టిందే.