టెక్ సందేహాలు: ప్రింట్ అయిందట, కాగితం ఏదీ?

కొంతకాలంగా ఒకటే గోడు రకరకాల మాటల్లో నాకు చేరుతోంది. మెయిన్‌ఫ్రేమ్ (పెద్ద సంస్థల కేంద్ర కంప్యూటర్)లో తయారయ్యే రిపోర్టులను ఆఫీసు ప్రింటర్లకో పీడీఎఫ్‌లకో మళ్లించే పాత సాఫ్ట్‌వేర్‌ను తీసేశారు, కొత్తది పెట్టారు, ఆ మర్నాటి నుంచి తలనొప్పి మొదలైంది. అలాంటి ఉత్తరాల్లోంచి మూడింటిని తీసుకుంటున్నాను. స్పూల్ (రిపోర్టులు ప్రింటుకు వెళ్లేముందు ఆగి ఉండే చోటు), సిసౌట్ క్లాస్ (రిపోర్టు ఏ రకానిదో చెప్పే అక్షరం) దగ్గర్నుంచి వివరంగా మొదలుపెట్టను. ఇవి రాసినవారికి ఆ సంగతులు బాగానే తెలుసు.

ప్రశ్న: కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాక కొన్ని రిపోర్టుల్లో పిచ్చి అక్షరాలు, వాటి మధ్య ఖాళీ ఉండాల్సిన చోటల్లా ఎట్ (@) గుర్తులు వస్తున్నాయి. మరికొన్ని రిపోర్టుల్లో ఒక కాగితం నిండా వచ్చి, తర్వాతి కాగితం మీద ఆరంటే ఆరే లైన్లు పడుతున్నాయి. ప్రింటర్లు మార్చమంటారా?

వద్దండీ. మెయిన్‌ఫ్రేమ్ అక్షరాలకు వాడే ఎబ్సిడిక్ కోడ్‌లో ఖాళీకి హెక్స్ విలువ 40. మామూలు కంప్యూటర్లు, ప్రింటర్లు వాడే ఆస్కీ కోడ్‌లో అదే 40 ఎట్ గుర్తు. అంటే ఆ రిపోర్టులు కోడ్ మార్పిడి జరగకుండానే ప్రింటర్‌కు వెళ్తున్నాయి. ఏఎఫ్‌పీ (పేజీ రూపం కూడా లోపలే ఉండే ఫార్మాట్) ఫైళ్లను మార్చకుండా పంపడానికి పెట్టిన క్యూలోకి మామూలు టెక్స్ట్ రిపోర్టులను కూడా తోసేసి ఉంటారు. మార్పిడిని ప్రింటర్‌ను బట్టి కాదు, లోపలి డేటాను బట్టి నిర్ణయించాలి. 5ఏ బైట్‌తో మొదలయ్యే ఏఎఫ్‌పీ రికార్డులను ముట్టుకోకూడదు, మిగతా టెక్స్ట్‌ను మార్చాలి.

ఎట్ గుర్తులు కంటపడతాయి కాబట్టి ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కంటపడని తప్పు ఇంకొకటుంది. 5బీ అనే బైట్ 037 కోడ్ పేజీ (ఏ బైట్ ఏ అక్షరమో చెప్పే పట్టిక)లో డాలర్ గుర్తు, 285లో పౌండ్ గుర్తు. రెండింటిలోనూ అక్షరాలు, అంకెలు ఒకే చోట ఉంటాయి. అందుకే కోడ్ పేజీ తప్పుగా ఎంచుకున్నా రిపోర్టు చక్కగా కనిపిస్తుంది, మొత్తాలన్నీ సరిపోతాయి, డాలర్లు మాత్రం పౌండ్లయి కూర్చుంటాయి. ఎట్ గుర్తులు పోగానే పని అయిపోయిందనుకోకుండా, కరెన్సీ గుర్తులున్న రిపోర్టు ఒకటి తీసి పాత ప్రింటు పక్కన పెట్టి చూడండి.

ఇక ఆరు లైన్ల సంగతి. పాత లైన్ ప్రింటర్ 11 అంగుళాల కాగితం మీద అంగుళానికి 6 లైన్ల చొప్పున 66 లైన్లు కొట్టేది. లేజర్ ప్రింటర్‌లో మామూలుగా పైన అర అంగుళం, కింద అర అంగుళం వదిలితే మిగిలేది 60 లైన్లకు చోటు. ఆ మిగిలిన ఆరే తర్వాతి కాగితం మీదికి వస్తున్నాయి. ఫారం పేరును బట్టి ఎఫ్‌సీబీ (పాత ప్రింటర్‌కు పేజీ కొలతలు చెప్పే పట్టిక)లో ఉన్న లైన్ల ఎడం వివరాలను కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చుకోలేదన్నమాట. అవి నింపితే సరిపోతుంది.

పనిలో పనిగా ప్రతి లైన్ మొదటి కాలమ్‌ను కూడా చూడండి, అది అచ్చు కోసం కాదు, ప్రింటర్‌కు ఆదేశం. అక్కడ 1 ఉంటే కొత్త పేజీ, సున్నా ఉంటే ఒక లైన్ వదిలి, ప్లస్ ఉంటే అదే లైన్ మీద మళ్లీ కొట్టాలి. పీడీఎఫ్ చేసే సాఫ్ట్‌వేర్లు కొన్ని ఈ ప్లస్ దగ్గర తప్పు చేస్తాయి. ఎడమ అంచున అకారణంగా 1 అచ్చయిందంటే కాలమ్‌ను డేటాగా చదివినట్టే. హెడ్డింగు కింద ఉండాల్సిన గీత విడిగా మరో లైన్‌లో పడిందంటే ప్లస్‌ను పట్టించుకోనట్టే. పరీక్షకు రోజువారీ రిపోర్టు చాలదు. ఏడాదికి ఒక్కసారే వాడే ఫారంతో నడిచే జాబ్‌ను పట్టుకుని చూడాలి.

ప్రశ్న: చెక్కుల జాబ్ ‘ప్రింట్ అయింది’ అని కనబడింది. స్పూల్‌లోంచి పోయింది. ట్రేలో మాత్రం ఒక్క కాగితం లేదు. పాత సాఫ్ట్‌వేర్‌తో ఇలా ఎప్పుడూ జరగలేదు.

పాతదానికి, కొత్తదానికి ‘అయింది’ అన్న మాట అర్థమే వేరు. మెయిన్‌ఫ్రేమ్ నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ అయిన వీటామ్ ద్వారా ఎల్‌యూ 1, ఎల్‌యూ 3 అనే రకం ప్రింటర్లకు పంపినప్పుడు, అడిగితే అవతలి ప్రింటర్ నుంచి జవాబు వచ్చేది. ఆ జవాబు వచ్చాకే హోస్ట్ (మెయిన్‌ఫ్రేమ్) ముందుకెళ్లేది. నెట్‌వర్క్‌లో ప్రింటుకు పంపే పాత పద్ధతి ఎల్‌పీఆర్‌కు ఆ ఓపిక లేదు. దాన్ని వివరించే 1990 నాటి ఇంటర్నెట్ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1179 ప్రకారం అవతలి సర్వర్ ఒక్క సున్నా బైట్ పంపితే చాలు. దానర్థం ఫైలు అందిందని మాత్రమే. ఆ తర్వాత కాగితం ఇరుక్కుందా, ట్రే ఖాళీ అయిందా అన్నది ఇవతలికి తెలియదు. ప్రింటర్‌లోని 9100 పోర్ట్ (నెట్‌వర్క్ ద్వారం)కు నేరుగా పంపి, ప్రింటర్ తిరిగి చెప్పే సంగతులను చదవకుండా కనెక్షన్ మూసేస్తే ఆ సున్నా బైట్ కూడా ఉండదు.

ఐపీపీ అనే కొత్త ప్రింటింగ్ పద్ధతికి మారితే నయం. అందులో జాబ్ స్థితి 9 అంటే పూర్తయిందని. అయితే దాని పక్కన కారణం కూడా చదవాలి. వెనక ఉన్న యంత్రం స్థితిని చెప్పలేనిదైతే, ‘పరికరం క్యూలో ఉంది’ అనే కారణం జతచేసి 9 అనే చెప్పమని ఆర్‌ఎఫ్‌సీ 8011లో ఉంది. ఆ కారణాన్ని చదవకుండా 9 కనబడగానే స్పూల్‌ను ఖాళీ చేసే సాఫ్ట్‌వేర్ చెక్కులకు పనికిరాదు. అమ్మేవారిని ఈ ఒక్క ప్రశ్న సూటిగా అడగండి. ఈలోగా అలాంటి జాబ్‌లకు అవుట్‌డిస్ప్ (ప్రింటయ్యాక ఫైలును ఏం చేయాలో చెప్పే సెట్టింగ్)లో కీప్ పెట్టి, చెక్కుల నంబర్లు మనిషి సరిచూసుకున్నాకే చెరపండి. జాబ్ మొత్తాన్ని మళ్లీ పంపడం వైద్యం కాదు. ఒక చెక్కు రెండుసార్లు అచ్చయితే వచ్చే గొడవ అచ్చు కాకపోవడంకంటే పెద్దది.

ప్రశ్న: ప్రింటింగ్ మానేసి రిపోర్టులన్నీ పీడీఎఫ్ చేసి ఒక షేర్డ్ ఫోల్డర్‌లో వేస్తున్నాం. ఫైళ్ల పేర్లు ఎలా పెడితే వెతకడం తేలిక?

పేర్ల సంగతి తర్వాత. ముందు ఆ ఫోల్డర్‌ను ఎవరెవరు తెరవగలరో చూశారా?

స్పూల్‌లో ఉన్నంతసేపు ఆ రిపోర్టుకు కాపలా ఉంటుంది. సరిగ్గా అమర్చుకుంటే ఎవరి జాబ్ అవుట్‌పుట్‌ను ఎవరు చూడొచ్చో మెయిన్‌ఫ్రేమ్ భద్రతా సాఫ్ట్‌వేర్ ర్యాక్‌ఎఫ్‌లోని జెస్‌స్పూల్ అనే నియమాల విభాగం చెబుతుంది. మళ్లింపు సాఫ్ట్‌వేర్‌కు మాత్రం అన్నిటినీ చదివే హక్కు ఇచ్చేస్తాం, లేకపోతే దాని పని జరగదు. అది చదివి, పీడీఎఫ్ చేసి, తన సొంత ఐడీతో ఫోల్డర్‌లో రాస్తుంది. ఆ క్షణంలో అసలు యజమాని ఎవరన్నది పోతుంది. ఇలాంటి ఫోల్డర్‌ను ఒకచోట నేనే తెరిచాను. నాకిచ్చింది బయటివాళ్లకిచ్చే తాత్కాలిక లాగిన్. ఉద్యోగి నంబరే పేరుగా ఉన్న ఫైళ్లు వరసగా కనిపించాయి. ఒకదాని మీద రెండుసార్లు నొక్కితే జీతం చీటీ తెరుచుకుంది, బ్యాంకు ఖాతా నంబరుతో సహా. నేను వెంటనే మూసి చెప్పాను. అంతకుముందు ఎందరు తెరిచారో చెప్పే లాగ్ అక్కడ లేదు.

దారిలోనూ ఇదే పరిస్థితి. ఎల్‌పీఆర్ 515 పోర్ట్‌లో, నేరు ప్రింటింగ్ 9100లో, రెండూ ఏ ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తాయి. పంపేవాడు 721 నుంచి 731 మధ్య పోర్ట్‌ను వాడాలన్న నియమమే ఎల్‌పీఆర్‌లో కాస్తో కూస్తో ఉన్న నమ్మకం. మెయిన్‌ఫ్రేమ్ లాగిన్‌కు అన్ని జాగ్రత్తలూ పెట్టి, అందులోంచి వచ్చే జీతాల పట్టికను అదే నెట్‌వర్క్‌లో బాహాటంగా పంపడం నాకు మింగుడుపడని విషయం. మధ్యలో ఉండే ప్రింట్ సర్వర్ కూడా ఊరికే ఉండదు. 2021లో ప్రింట్‌నైట్‌మేర్ పేరుతో బయటపడ్డ లోపం విండోస్‌లోని అలాంటి స్పూలర్ సర్వీసులోదే. మామూలు యూజర్ లాగిన్ దొరికినవాడు దాంతో సర్వర్‌ను పూర్తిగా చేజిక్కించుకోగలిగేవాడు.

మీరు చేయాల్సింది ఇదీ. టీఎల్‌ఎస్ (ఎన్‌క్రిప్షన్)తో ఐపీపీ వాడండి. రిపోర్టు యజమాని, దాని సిసౌట్ క్లాస్ పీడీఎఫ్ వెంట వెళ్లి, ఫోల్డర్ హక్కులు వాటిని బట్టి ఏర్పడేలా సాఫ్ట్‌వేర్‌ను అమర్చండి. ఆ వీలు లేని సాఫ్ట్‌వేర్‌ను కొనకండి. ఎవరు ఏ ఫైలు తెరిచారో లాగ్ ఉంచండి. పాతదాంట్లో అసెంబ్లర్‌లో రాసిన ఎగ్జిట్లు (మీ ఆఫీసు అవసరానికి చేర్చుకున్న చిన్న ప్రోగ్రాములు) ఉంటే, మార్చేముందే ఒక్కొక్కటీ చదివించండి. ఫలానా ఫారం ఫలానా గదిలోని ప్రింటర్‌కే వెళ్లాలన్న నియమం చాలాసార్లు అక్కడే ఉంటుంది, ఇంకెక్కడా రాసి ఉండదు.

ఫైళ్ల పేర్ల గురించి అడిగారు కదా. జాబ్ పేరు, జాబ్ నంబరు, తేదీ పెట్టండి. ఉద్యోగి నంబరు, ఖాతా నంబరు పేరులోకి రానివ్వకండి. ఫోల్డర్ తెరవలేనివాడికి కూడా బ్యాకప్ జాబితాలోనో లాగ్‌లోనో ఫైలు పేరు కనిపిస్తుంది.