కుక్కకు కామెర్లు: జబ్బు కాలేయానిదేనా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది గుంటూరు బ్రాడీపేట. నాలుగేళ్ల మా లాబ్రడార్ పది రోజుల క్రితం తిండి మానేసింది. మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారింది, కళ్లు పచ్చబడ్డాయి. రక్తపరీక్షలో పీసీవీ (రక్తంలో ఎర్రకణాల వాటా) 19 శాతం, ఎస్‌జీపీటీ (కాలేయ ఎంజైమ్) 310 వచ్చాయి. పిడుదుల ద్వారా బెబీసియా సోకిందని చెప్పి ఇంజెక్షన్ మొదలుపెట్టారు. కామెర్లు కాబట్టి నేల ఉసిరి పసరు పోసి, పెరుగన్నంతో పథ్యం ఉంచమని పక్కింటివారు అంటున్నారు. మా తాతగారి ఊళ్లో గొర్రెలకు కార్జపు జలగలు పడితే నట్టల మందు తాగించేవారు. దీనికీ అదే సరిపోతుందా? కాలేయం పూర్తిగా పాడైనట్టేనా? పిల్లలకు అంటుకుంటుందా?

సమాధానం: అమ్మా, ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. పచ్చదనం కళ్లలో కనిపిస్తున్నా, మీ కుక్క విషయంలో జబ్బు మొదలైంది కాలేయంలో కాదు, రక్తంలో. గొర్రెల కార్జపు జలగ కంటికి కనిపించే పురుగు; మేతతో కడుపులోకి చేరి, కాలేయాన్ని తొలుచుకుంటూ పోయి పైత్యనాళాల్లో స్థిరపడుతుంది. బెబీసియా పురుగే కాదు. ఎర్ర రక్తకణం లోపల బతికే ఏకకణ జీవి కాబట్టి నట్టల మందు దానిని ఏమీ చేయలేదు.

బెబీసియా చేరిన కణాలు పగిలిపోతాయి. వాటితోపాటు జబ్బులేని కణాలను కూడా శరీరమే శత్రువులుగా భావించి నాశనం చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్కకు పీసీవీ 37 నుంచి 55 శాతం ఉండాలి. 19కి పడిపోయిందంటే దాదాపు సగం, లేదా అంతకంటే ఎక్కువ కణాలు పోయాయన్నమాట. పగిలిన కణాల నుంచి వచ్చే ఎరుపు మూత్రంలోకి దిగడం వల్లనే ఆ డికాక్షన్ రంగు. మిగిలినది బిలిరుబిన్ అనే పసుపు పదార్థంగా మారి, కాలేయం వడకట్టగలిగిన దానికంటే ఎక్కువై, కళ్లకూ చిగుళ్లకూ పచ్చదనం తెస్తుంది.

అయితే కాలేయానికి దెబ్బ తగలలేదని కాదు. రక్తం తగ్గితే ప్రాణవాయువు తగ్గుతుంది. కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ నీరు సన్నగిల్లిన ఏడాది శివారు భూములే ముందు ఎండినట్టు, కాలేయంలోని ప్రతి చిన్న భాగంలోనూ రక్తం చిట్టచివర అందే కణాలే ముందుగా చనిపోతాయి. వాటి నుంచి కారిన ఎంజైమే మీ నివేదికలో 310గా కనిపించిన ఎస్‌జీపీటీ. తిరిగి పెరిగే శక్తి కాలేయానికి ఎక్కువ కనుక, మూలకారణం తొలగితే చాలా కుక్కల్లో ఆ అంకె కొన్ని వారాల్లో దిగివస్తుంది. కాబట్టి ప్రస్తుతం నేను ఎస్‌జీపీటీ కంటే పీసీవీ గురించే ఎక్కువ ఆందోళన పడతాను. చిగుళ్లు తెల్లగా పాలిపోయినా, కుక్క నిలబడలేకపోయినా రక్తం ఎక్కించవలసి రావచ్చు. అలాంటప్పుడు తెల్లవారేదాకా ఆగవద్దు.

మీ వైద్యుని అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఇది ఏ రకం బెబీసియా? సూక్ష్మదర్శినిలో జంట బేరిపండ్లలా కనిపించే పెద్ద రకానికి ఇమిడోకార్బ్ ఇంజెక్షన్ బాగా పనిచేస్తుంది. దానిని 14 రోజుల తరువాత మరోసారి ఇస్తారు. గిబ్సోనీ అనే చిన్న రకం మొండిది. 1910లో ప్యాటన్ అనే పరిశోధకుడు మొదట వర్ణించింది మన పక్కనే ఉన్న మద్రాసులోని వేటకుక్కల రక్తంలో చూసిన దానినే. దానికి ఇమిడోకార్బ్ సరిపోదు. అటోవాక్వోన్, అజిత్రోమైసిన్ మందులను కలిపి 10 రోజులు ఇవ్వాలి. అటోవాక్వోన్ కొవ్వు ఉన్న ఆహారంతో ఇస్తేనే ఒంటికి పడుతుంది.

పక్కింటివారు ప్రేమతోనే చెప్పి ఉంటారు, కానీ ఆ పసరు పోయకండి. వాంతులతో నీరసించిన కుక్కకు బలవంతంగా ఏదైనా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మనుషులు వాడే లివర్ సిరప్‌లు కూడా వద్దు. కొన్నింటిలో తీపి కోసం కలిపే జైలిటాల్ కుక్క కాలేయాన్నే దెబ్బతీస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ కూడా సొంతంగా వేయకండి. పెరుగన్నం పథ్యం కూడా తగదు. కొత్త రక్తం తయారు కావాలంటే మాంసకృత్తులు కావాలి. ఉడికించిన కోడిగుడ్డు, ఎముకలు తీసిన కోడి మాంసం అన్నంలో కలిపి, కొద్దికొద్దిగా రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. కాలేయం చేతులెత్తేసి, ఆ ప్రభావం మెదడు మీద కనిపించినప్పుడే మాంసకృత్తులు తగ్గిస్తాం. మీ కుక్క ఆ స్థితిలో ఉందని మీరు రాసిన వివరాలను బట్టి అనిపించడం లేదు.

కుక్కల్లో వచ్చే ఈ రెండు రకాల బెబీసియా పిల్లలకు అంటదు. కానీ ఇంట్లో పిడుదులు మిగిలితే కుక్కకు మళ్లీ సోకుతుంది. కాలివేళ్ల సందుల్లో, చెవి మడతల్లో రోజూ వెతకండి. ఆడ పిడుదు రక్తం తాగి ఉబ్బాక కుక్కను వదిలి గోడ పగుళ్లలోకి, తలుపు చట్రాల వెనక్కి చేరి వేల గుడ్లు పెడుతుంది కాబట్టి, కుక్కకు స్నానం చేయించినంత మాత్రాన పని పూర్తి కాదు. పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి. కుక్క కోలుకున్నాక ఫ్లూరలానర్ వంటి మాత్ర వేయించవచ్చు. ఒక మోతాదు సుమారు 12 వారాలు పిడుదులను చంపుతుంది. మూర్ఛలు వచ్చే కుక్కైతే ఆ సంగతి ముందే వైద్యునికి చెప్పాలి.

ప్రశ్న: మాది విజయవాడ భవానీపురం. మటన్ కొట్టులో మిగిలిన పచ్చి కార్జం ముక్కలు మా కుక్కకు పెడుతున్నాం. దీనివల్ల మనుషుల కాలేయంలో నీటితిత్తులు వస్తాయంటున్నారు, నిజమేనా?

సమాధానం: నిజమే. తిత్తులున్న పచ్చి కార్జం తిన్న కుక్క పేగులో కొన్ని మిల్లీమీటర్ల పొడవుండే బద్దెపురుగు పెరుగుతుంది. కుక్కకు దానివల్ల పెద్దగా బాధ ఉండదు, దాని కాలేయానికీ ఏమీ కాదు. మలంతో వచ్చే గుడ్లు దాని బొచ్చుకు అంటుకుని, నిమిరిన చేతి ద్వారా మన నోట్లోకి చేరితే, తిత్తి మన కాలేయంలో ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా పెరుగుతుంది. మాంసం తినడం వల్ల మనుషులకు ఇది రాదు. కార్జాన్ని అరగంటైనా బాగా ఉడికించి మాత్రమే కుక్కకు పెట్టండి. ఇప్పటివరకు పచ్చిదే పెట్టారు కాబట్టి, బరువు చూపించి ప్రాజిక్వాంటెల్ ఉన్న మాత్ర వేయించండి. మోతాదు కిలోకు 5 మిల్లీగ్రాములు. మాత్ర వేసిన తరువాత కొన్ని రోజులు మలాన్ని చేతితొడుగులతో తీసి లోతుగా పాతిపెట్టండి.