వంశధార పట్టుకుని వెళ్లు: శ్రీకాకుళం చూడబోయే అమ్మాయికి

అమ్మలూ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. రెండు రోజుల్లో పదకొండు చోట్లా? అరసవల్లి, శ్రీకూర్మం, ముఖలింగం, శాలిహుండం, మందస, బారువ, తేలినీలాపురం, పొందూరు... కార్లో కూర్చుని ఊళ్ల పేర్లు చదువుకుంటూ పోవడానికైతే సరిపోతుంది. జిల్లాను చూడాలంటే మాత్రం సగం కొట్టెయ్యాలి. ఏది ఉంచాలో, ఏది వదలాలో నా లెక్క నాకుంది. చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

ముందు చిన్న విషయాలు. శ్రీకాకుళం రోడ్ అనే స్టేషన్ శ్రీకాకుళంలో లేదు, ఆమదాలవలసలో ఉంది. రాత్రి పొద్దుపోయాక దిగే రైలు పెట్టుకోకండి. బస టౌన్లోనే చూసుకోండి, ఎటు వెళ్లాలన్నా బస్సులు అక్కడి కాంప్లెక్స్ నుంచే బయల్దేరతాయి. రావడానికి నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. అక్టోబర్ అంటే నాకు భయమే. 2018లో తిత్లీ తుఫాను ఆ నెలలోనే పలాస వైపు తీరం దాటి అక్కడి ఉద్దానం ప్రాంతపు కొబ్బరి తోటల్ని పడగొట్టేసింది. దసరా సెలవులని టికెట్లు తీసే ముందు వాతావరణం సంగతి చూసుకో.

ఇక అసలు మాట. ఈ జిల్లాలో దారి తెలియాలంటే వంశధారను పట్టుకోవాలి. ముఖలింగం ఆ నది ఒడ్డున ఉంది. శాలిహుండం కొండ ఎక్కితే ఆ నదే కనిపిస్తుంది. అది సముద్రంలో కలిసేది కళింగపట్నం దగ్గర. ఒకప్పటి రాజధాని, బౌద్ధ క్షేత్రం, పాత రేవు మూడూ ఒకే నీటి వెంట ఉన్నాయి. మీరు కారు మాట్లాడుకుంటున్నారు కాబట్టి ఒక్క రోజులో ఈ మూడూ వరసగా చూడొచ్చు. బస్సుల మీదైతే రోజుకొకటి పెట్టుకోవాల్సిందే.

పొద్దున్నే ముఖలింగం. అందరూ నేరుగా పెద్దగుడికి, అంటే ముఖలింగేశ్వరుడి దగ్గరకు వెళ్లి, దండం పెట్టి, కారెక్కేస్తారు. నువ్వు ముందు సోమేశ్వరాలయం దగ్గర ఆగు. దానికి ముందు మండపం లేదు, ఒక్క శిఖరమే నిటారుగా నిలబడి ఉంటుంది. మన వైపు గోపురాలు చూసి అలవాటైన కంటికి అదేదో భువనేశ్వర్ గుడిలా అనిపిస్తుంది. అనిపించదూ మరి? తూర్పు గాంగుల రాజధాని కళింగనగరం ఈ చోటే అంటారు చరిత్రకారులు. ఆ వంశపు అనంతవర్మ చోడగంగదేవుడే పూరీ జగన్నాథుడి గుడి కట్టించాడు. మన చుట్టాల్లో పూరీ వెళ్లొచ్చిన వాళ్లెందరు, ముఖలింగం చూసిన వాళ్లెందరు, ఓసారి లెక్కేసుకో.

పొద్దున్నే అని ఎందుకన్నానంటే, ఎండ ఏటవాలుగా పడితేనే గోడల మీది చెక్కుడు తేలి కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం వెళ్తే అదే గోడ చప్పగా ఉంటుంది, కాళ్లు కాలడం అదనం. గోడను దూరం నుంచి ఫోటో తీసి వదిలెయ్యకు. ఒక్క మూల ఎంచుకుని, కింది వరస నుంచి పైకి చూడు. లతలు, వాటిలో ఇరుక్కున్న చిన్న చిన్న జంతువులు, ఆపైన దేవతలు. ఒక్క మూలకే అరగంట పడుతుంది, పట్టనీ. తర్వాత పెద్దగుడికి వెళ్లు. సవర తెగ దొర ఇప్పచెట్టు నరకబోతే శివుడు అందులో కనిపించాడన్న కథ పూజారి గారి నోట వింటేనే బాగుంటుంది. భీమేశ్వరాలయానికి జనం తక్కువ వస్తారు. వీలైతే దాన్నీ చూడు.

ఇక్కడో పెద్దమనిషిని తలుచుకోవాలి. గిడుగు రామమూర్తి గారు 1863లో పుట్టింది ముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే బళ్లో చదువుకున్నాం. ఆయన పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ ముఖలింగం శాసనాల కోసం పాత లిపులు నేర్చుకున్నారు, సవరల దగ్గర కూర్చుని సవర భాష నేర్చుకున్నారు. 1919లో శాలిహుండం శిథిలాల సంగతి బయటి ప్రపంచానికి తెలిపిందీ ఆయనే. అందుకే ముఖలింగం నుంచి నేరుగా శాలిహుండం వెళ్లమంటున్నాను.

శాలిహుండం చిన్న కొండ. ఎక్కే కొద్దీ ఇటుక కట్టడాలు ఒక్కొక్కటే ఎదురవుతాయి: స్తూపాలు, చైత్యాలు, భిక్షువులు ఉన్న చోట్లు. క్రీస్తుకు ముందు నుంచీ ఎన్నో శతాబ్దాలు ఇక్కడ బౌద్ధం సాగింది. చెయ్యకూడని పని ఒక్కటే, ఫోటో బాగా వస్తుందని ఇటుకల మీదెక్కి నిలబడకు. ఒక్కడు ఎక్కితే వెనక పదిమంది ఎక్కుతారు. మ్యూజియంలో తార, మారీచి అనే బౌద్ధ దేవతల విగ్రహాలు చూసి తీరాలి. అది మూసే వేళ, సెలవు రోజు ముందే కనుక్కుని వెళ్లు. పైన కొట్లేవీ ఉండవు, నీళ్ల సీసా మోసుకెళ్లాల్సిందే.

సాయంత్రానికి కళింగపట్నం. లైట్‌హౌస్, ఇసుక, నది సముద్రంలో కలిసే చోటు. అక్కడ చెప్పడానికి పెద్దగా ఏం లేదు, కాసేపు కూర్చోండి. ఈత మాత్రం వద్దు.

రెండో రోజు పొద్దున పొందూరు. నీ లిస్టులో దీన్ని చివర, బ్రాకెట్లో 'షాపింగ్' అని రాశావు. నా లెక్కలో ఇదే మొదటిది. అక్కడి సన్నఖాదీకి పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. నిజం చేప దవడే, ఎండబెట్టి కర్రకి కట్టుకున్నది. ఆ సన్నటి పళ్ల వరస పత్తిలోంచి ఒక్కోసారి పోతుంటే చెత్తా చెదారం రాలిపోయి, పోగులు ఒకే వైపుకి సర్దుకుంటాయి. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం అంటే దూదిని విప్పి మెత్తబరచడం, ఏకులు (దూది చుట్టలు) చుట్టి ఎండిన అరటి డొప్పలో పెట్టుకోవడం, రాట్నం మీద వడకడం. వడికేది ఎక్కువగా ఆడవాళ్లే, ఇళ్లలోనే. ఒక చేత్తో రాట్నం తిప్పుతూ రెండో చేతిని మెల్లగా వెనక్కి లాగుతుంటారు. ఆ చేతికీ, దారం చుట్టుకునే కదురుకీ మధ్య దారం ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. వెలుతురుకి అడ్డంగా కూర్చుంటే నీకేమీ కనిపించదు, పక్కకు జరుగు.

వాళ్ల పని మానిపించి గంటసేపు వీడియో తీసి, 'థాంక్స్ అమ్మా' అని లేచి వచ్చేస్తే నాకు నచ్చదు. అడిగి తీయండి, కాసేపే తీయండి. కొనేది ఖాదీ సంఘం షాపులోనే కొనండి. పొందూరు పేరు చెప్పి మిల్లు బట్ట అమ్మేవాళ్లు బయట చాలామంది ఉంటారు. బేరం ఆడొద్దు. ధర ఎక్కువనిపిస్తే చీర మానేసి చేతి రుమాలు కొనుక్కో, తప్పేం లేదు.

అక్కడి నుంచి మధ్యాహ్నానికి టౌనుకి వచ్చి, ఎండ తగ్గాక శ్రీకూర్మం వెళ్లండి. కూర్మావతారానికి గుడి అంటే చాలా అరుదు. ప్రదక్షిణ మండపంలో పాత రంగుల బొమ్మలున్నాయి, గోడలు ముట్టుకోకండి. స్తంభాల నిండా శాసనాలే. మధ్వాచార్యుల శిష్యుడు నరహరి తీర్థుల 1281 నాటి శాసనం వాటిలోనిదే. అది ఎక్కడుందో ఆలయంలో ఎవరినైనా అడిగితే చూపిస్తారు. ఆవరణలో నక్షత్ర తాబేళ్లుంటాయి. మీ పిల్లాడు వాటి దగ్గరే ఆగిపోతాడు, నీకు స్తంభాలు చూసుకునే టైం దొరుకుతుంది.

అరసవల్లి సూర్యుడి గుడి టౌనుకి ఆనుకునే ఉంది, ఏ పూటైనా వెళ్లొచ్చు, ఆదివారం తప్ప. మార్చిలో, అక్టోబర్‌లో కొన్ని రోజులు సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి. ఆ రోజుల్లో తెల్లారకముందే క్యూలో ఉండాలి. మబ్బు పట్టిందంటే అంతే సంగతులు. దానికోసమే హైదరాబాద్ నుంచి రావడం నాకు దండగనిపిస్తుంది. మీ అత్తగారికి ఈ మాట చెప్పకు.

మందస, బారువ, తేలినీలాపురం ఈసారికి వదిలెయ్. అవన్నీ ఉత్తరాన టెక్కలి నుంచి సోంపేట దాకా ఉన్నాయి, వాటికి విడిగా రెండు రోజులు కావాలి. ఆ ట్రిప్పు చలికాలంలోనే పెట్టుకో. తేలినీలాపురం చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఉండేది అప్పుడే. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి, తర్వాత కోవా. బూడితి ఊళ్లో ఇత్తడి పని కూడా ఒకరోజు తీరిగ్గా చూడాలి. దాన్ని ఈ ప్రయాణంలో ఇరికించకు.

తారీఖులు ఖాయం చేసుకునే ముందు నాకో ఫోన్ కొట్టు. పొందూరు సంఘానికి ఏ రోజు సెలవో, ముఖలింగం రోడ్డు ఎలా ఉందో కనుక్కుని చెబుతాను.

ఇట్లు
మీ పెదనాన్న