ఫ్యాట్ కావాలంటే ముందు నెమరు చూడు

చిరంజీవి అల్లుడికి,

గేదె దాణాలో రోజూ కాస్త నూనె కలిపితే పాలలో ఫ్యాట్ పెరుగుతుందా అని అడిగావు. కలపొద్దు. మనం పోసిన నూనె తిన్నగా పొదుగులోకి దిగదు. మధ్యలో పెద్దపొట్ట ఉంది, అందులో కోట్లాది సూక్ష్మజీవులున్నాయి. వాటిని దాటుకునే ఏదైనా పాలలోకి రావాలి.

గేదె పాలలో మామూలుగానే 6 నుంచి 8 శాతం దాకా కొవ్వు ఉంటుంది. అందులో దాదాపు సగం పొదుగు తనే తయారు చేసుకుంటుంది. దానికి ముడిసరుకు గడ్డి, చొప్ప. ఆ పీచు పెద్దపొట్టలో పులిసి ఎసిటిక్ ఆమ్లం వస్తుంది, అది రక్తంలో కలిసి పొదుగు చేరి కొవ్వు అవుతుంది. మిగతా సగం మేతలోని నూనెల నుంచీ ఒంటి కొవ్వు నుంచీ వస్తుంది. ఈనిన కొత్తలో గేదె చిక్కిపోయేది అందుకే, తిన్నది చాలక ఒంట్లోది కరిగించి పాలలో పోస్తుంది.

నూనె ఎక్కువైతే పీచును అరిగించే సూక్ష్మజీవులు దెబ్బతింటాయి. దానికి తోడు పిండి దాణా ఎక్కువ, గడ్డి తక్కువ అయిందనుకో, పొదుగులో కొవ్వు తయారీకే అడ్డుపడే ఒక రకం కొవ్వు ఆమ్లం పెద్దపొట్టలో పుడుతుంది. నువ్వు నూనె పోస్తూనే ఉంటావు, ఫ్యాట్ పడిపోతూనే ఉంటుంది! తేమ తీసేసి లెక్కేస్తే, మొత్తం మేతలో అన్ని రకాల కొవ్వూ కలిపి 6 శాతం దాటకుండా చూసుకో. నూనె తీయని తవుడునూ ఆ లెక్కలో వెయ్యి, చాలామంది మర్చిపోయేది దాన్నే.

మేత తిని పడుకున్నాక కొట్టం దగ్గర కాసేపు నిలబడు. సగానికి పైగా గేదెలు నెమరేస్తుంటే సరే. అంతమంది నెమరేయకపోయినా, పేడ పల్చగా పడి అందులో గింజలు కనిపిస్తున్నా, దాణా తగ్గించి ఎండుమేత పెంచు. చాఫ్ కట్టర్‌లో గడ్డిని మరీ పొడిలా కొట్టించకు. నమిలే పని తగ్గితే లాలాజలం తగ్గుతుంది, పొట్టలో పులుపు పెరుగుతుంది. ఏ మార్పైనా పది పదిహేను రోజులు పట్టేలా మెల్లగా చెయ్యి.

ఇంకో సంగతి. పాలలో ఫ్యాట్ కొలిచే మెషిన్ చెప్పేది కొవ్వు ఎంతో మాత్రమే, ఎలాంటిదో చెప్పదు. అది వెన్న తీసినప్పుడు తెలుస్తుంది. పత్తి గింజలు బాగా పెడితే వెన్న గట్టిగా వస్తుంది. పచ్చిమేత దండిగా తిన్న గేదె వెన్న మెత్తగా ఉంటుంది, ఒమేగా-3 లాంటి మంచి కొవ్వులూ అందులో కాస్త ఎక్కువ. శాతం పెద్దగా మారకపోయినా ఈ తేడా వస్తుంది. నెయ్యి నీకోసమే అయితే నేను దీనికే ఎక్కువ విలువిస్తాను. పచ్చిమేత పెట్టినా వెన్న పసుపు రాలేదని మాత్రం టెన్షన్ పడకు. గేదె మేతలోని కెరోటిన్‌ను విటమిన్ ఎ గా మార్చేసుకుంటుంది, అందుకే దాని వెన్న తెల్లగానే ఉంటుంది.

మేత మార్చేముందు పితికే తీరు కూడా చూసుకో. మొదటి ధారలు పల్చన, చివరివి చిక్కన. చివరి పాలు దూడకు వదిలేసి ఫ్యాట్ రాలేదంటే గేదె ఏం చేస్తుంది? పూర్తిగా పితికి, బాగా కలిపాకే శాంపిల్ తియ్యి. ఒక్కో గేదెకు ఏ మేత ఎన్ని కిలోలు పెడుతున్నావో, ఈని ఎన్ని నెలలైందో రాసి పంపు, అప్పుడు దాణా లెక్క చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య