కాశీలో తొమ్మిది నిద్రలకి ఇల్లు: అద్దె చూడాలా, మెట్లు చూడాలా?

ప్రశ్న: మాది బొబ్బిలి. నేను రిటైర్డ్ టీచర్ని. కార్తీకంలో ఆరుగురం కాశీ వెళ్లి తొమ్మిది నిద్రలు చేద్దామనుకుంటున్నాం. మా అత్తగారికి 81 ఏళ్లు, మడి, బయట తిండి ముట్టరు. అందుకే సత్రం కాకుండా వంటగది ఉన్న ఇల్లు వెతుకుతున్నాం. లంక వైపు ఫ్లాటు రోజుకి 2,400 చెప్పారు, కేదార్ ఘాట్ వెనక సందులో అలాంటిదే 3,800. కోడలేమో అస్సీ ఘాట్ దగ్గర తీసుకుందాం అంటోంది. కేదార్ ఘాట్ ఇంటాయన డబ్బంతా ముందే పంపిస్తే పది శాతం తగ్గిస్తానంటున్నాడు. జనవరిలో తీరే 2 లక్షల ఎఫ్‌డీ ఒకటుంది, దాన్ని ఇప్పుడే తీసేద్దామా?

జవాబు: టీచరుగారూ, ముందు లంక సంగతి తేల్చేద్దాం. మీరు అంకెలు చూసి అటు మొగ్గుతున్నారని మీ ఉత్తరంలోనే తెలిసిపోతోంది. తొమ్మిది రాత్రులకి లంకలో 21,600, కేదార్ దగ్గర 34,200, తేడా 12,600, చిన్న డబ్బేం కాదు. కానీ లంక అంటే హిందూ విశ్వవిద్యాలయం గేటు దగ్గర. అక్కడి నుంచి ఆరుగురు ఒక ఆటోలో పట్టరు, రెండు కావాలి. పొద్దున స్నానానికీ దర్శనానికీ ఒకసారి, సాయంత్రం హారతికి ఒకసారి అనుకుంటే రానూపోనూ నాలుగు ట్రిప్పులు. ఒక్కో ఆటో 150 వేసుకున్నా రోజుకి 1,200, తొమ్మిది రాత్రుల మధ్య వచ్చే ఎనిమిది నిండు రోజులకి 9,600 (కార్తీకం రద్దీలో 150కే వస్తాడని నేను హామీ ఇవ్వను). దర్శనం క్యూలోంచి బయటపడేసరికి ఏ పదకొండో అవుతుంది, ఇల్లు దూరం కాబట్టి అత్తగారు తప్ప మిగతా ఐదుగురూ బయటే టిఫిను, టీ కానిచ్చేస్తారు, మనిషికి 120 లెక్కన మరో 4,800. మొత్తం 14,400. కేదార్ దగ్గర ఉన్నా విశ్వనాథుడి గుడికి గొదౌలియా చౌరస్తా దాకా ఈ-రిక్షాలు తప్పవు, దానికి రోజుకి 240 చొప్పున 1,920 తీసేయండి. మిగిలింది 12,480. అంటే లంకలో ఉండి మీరు మిగుల్చుకునేది అచ్చంగా 120 రూపాయలు. ఆ 120 కోసం 81 ఏళ్ల మనిషి పదకొండింటిదాకా ఖాళీ కడుపుతో ఉండి, ఆటోలో ఇల్లు చేరాక పొయ్యి వెలిగిస్తే అప్పుడు తినాలి.

ఇంకొకటి ఉంది, ఇది నా ఆర్థిక సలహాల్లోకి రాదు గానీ చెప్పకుండా ఉండలేను. వారణాసి అంటే వరుణ, అసి అనే రెండు నదుల మధ్య ఉన్నదని పెద్దవాళ్ల లెక్క. లంక అసికి అవతల, అంటే ఆ లెక్కన కాశీ హద్దు బయట పడుతుంది. మడి కట్టుకునే మనిషికి మూడో నిద్ర నాడు పక్కింటివాళ్లెవరో ఈ మాట చెప్పారనుకోండి, మీరు ఆ రాత్రికి రాత్రి ఇల్లు వెతుక్కోవాలి.

అస్సీ మీద నాకు పట్టింపేం లేదు. రోడ్డు కాస్త వెడల్పు, ఘాటు దగ్గరదాకా బండి వస్తుంది, పొద్దున్నే హారతి ఉంటుంది, కాఫీ కొట్లున్నాయి, కోడలికి ఎందుకు నచ్చిందో అర్థమవుతోంది. అయితే అక్కడి నుంచి సాయంత్రం హారతి జరిగే దశాశ్వమేధ్ ఘాట్ దగ్గర దగ్గర మూడు కిలోమీటర్లు, ఆటోల ఖర్చు మళ్లీ మొదలు. కేదార్ నుంచయితే కిలోమీటరు పైచిలుకు. ఆంధ్రాశ్రమం ఉన్న మానస సరోవర్ ఘాట్ కేదార్ నుంచి నాలుగడుగులు, ఎప్పుడైనా వంట చేసే ఓపిక లేకపోతే మీ ఐదుగురికీ తెలుగు భోజనం దొరుకుతుంది. కేదార్ పక్కనే మన జిల్లాలోని విజయనగరం సంస్థానం పేరుతో ఘాటే ఉంది, ఊరు విడిచి వెళ్లినట్టు కూడా ఉండదు.

మన విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం నాడు మూడు లాంతర్ల కూడలి దగ్గర ఇల్లున్నవాళ్లు ఒక్క రూపాయి ఖర్చు లేకుండా మేడ మీద నుంచి చూస్తారు. మా కంటోన్మెంట్ వాళ్లం బండి ఎక్కడో పెట్టి, ఎండలో నడిచి, దారిలో నాలుగు సోడాలు తాగి చేరతాం. కాశీలో మీకు తొమ్మిది రోజులూ సిరిమానే.

అలాగని కేదార్ ఇంటికి ఇప్పుడే సరే అనకండి. కేదార్ వెనక ఉన్న బెంగాలీ టోలా సందుల్లో పాత ఇళ్ల మెట్లు నిటారుగా ఉంటాయి, సందులో కారు పట్టదు, చాలాచోట్ల రిక్షా కూడా రాదు. ఫోటోల్లో మంచం మీద దుప్పటీ, కిటికీలోంచి గంగ, అవి కాదు మీకు కావాల్సింది. ఇంటాయనకి వీడియో కాల్ చేసి, రిక్షా ఆగే రోడ్డు మీద నిలబడి అక్కడి నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి మంచం దాకా ఫోన్ పట్టుకుని నడవమనండి. మీరు మెట్లు లెక్కపెట్టండి. రెండో అంతస్తు అన్నాడా, వదిలేయండి. బాత్‌రూములో కుర్చీ కమోడ్ ఉందా, గ్యాస్ పొయ్యి ఇస్తాడా, కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, ఇవీ ఆ కాల్‌లోనే చూడండి. ఘాటు మెట్లు కూడా తక్కువేం కాదు, వానాకాలం వరద తీశాక మట్టి పేరుకుని కొన్నాళ్లు జారుతుంటాయి, అత్తగారి స్నానానికి రోజూ ఇద్దరు చేతులు పట్టుకోవాలి.

పది శాతం అంటే 3,420. ఆశగానే ఉంటుంది. కానీ ఒక మనిషి నంబరుకి యూపీఐలో పంపిన డబ్బు వెనక్కి రప్పించడం మన చేతుల్లో ఉండదు. నేనే ఒకసారి పూరీలో ఇల్లని 6,000 అడ్వాన్సు పంపాను, మేం దిగేసరికి ఆ నంబరు స్విచాఫ్. డబ్బు లెక్కలు చెప్పుకుని బతికేవాణ్ని, ఆ మాట ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు. ఒక్క రాత్రి అద్దె ముందు పంపండి, మిగతాది తాళం చేతికొచ్చాక ఇవ్వండి. ఒప్పుకోకపోతే రద్దు చేస్తే డబ్బు వాపసు ఇచ్చే బుకింగ్ సైటులోనే, సర్వీసు చార్జీ ఎంతో చివరి పేజీ దాకా చూసి, పూర్తి రేటుకే తీసుకోండి. ఎందుకంటే రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారు, కార్తీకం ఇళ్లు అంతకన్నా ముందే అయిపోతాయి, టికెట్ కన్ఫర్మ్ కాకపోతే ఇంటి డబ్బు పోకూడదు. ఎప్పుడైనా మోసం జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

తేదీలు కాస్త కదపగలరా? పౌర్ణమికి అక్కడ దేవ్ దీపావళి, పడవ దగ్గర నుంచి గది దాకా అన్నిటి రేట్లూ ఆకాశంలో ఉంటాయి. పౌర్ణమి మీకు తప్పనిసరి కాకపోతే, అది దాటిన రెండో రోజు నుంచి ఎంతకిస్తారో అదే ఇంటాయన్ని అడగండి.

ఎఫ్‌డీ ముట్టుకోవద్దు. ముందే తీస్తే డబ్బు ఉంచిన కాలానికి ఉన్న రేటే ఇస్తారు, దాంట్లో మళ్లీ అర నుంచి ఒక శాతం కోత చాలా బ్యాంకుల్లో ఉంటుంది. అదీ 2 లక్షల మీద. మీకు కావాల్సింది రైలు, ఇల్లు, తిండి అన్నీ కలిపి ఏ 90,000. ఆ ఎఫ్‌డీ మీదే లోన్ అడగండి, సాధారణంగా ఎఫ్‌డీ రేటు కన్నా ఒకటి రెండు శాతం ఎక్కువ పడుతుంది. ఎనిమిది శాతం అనుకుంటే రెండున్నర నెలలకి 1,500 వడ్డీ, జనవరిలో ఎఫ్‌డీ తీరగానే లోన్ కట్టేయొచ్చు. అసలు మీ అబ్బాయి సంపాదిస్తుంటే, ఇంటి అద్దె వరకు తన మీద పెట్టండి. అతనికి ఉద్యోగంలో ఎల్‌టీసీ (సెలవు ప్రయాణ రాయితీ) ఉన్నా పాత పన్ను విధానంలో ప్రయాణ చార్జీలకే మినహాయింపు, ఇంటి అద్దె అందులోకి రాదు, ఆ ఆశ పెట్టుకోవద్దని చెప్పండి.

వీడియో కాల్ అయ్యాక మెట్లు ఎన్నో నాకు రాయండి. ఇరవై దాటితే వేరే ఇల్లు చూద్దాం.